నీళ్ళ గుంతకు కట్టిన జాకెట్

మా చిన్న తమ్ముడు ఇక లేడు. ఈ అరబ్బు దేశంలో, రాబిగ్ ఊళ్ళో వాన వెలిసిన మర్నాడు పొద్దున, రోడ్డు మీద గుంత పూడ్చే పనిలో ఉండగా ట్రక్కు తగిలింది. అదే ఊళ్ళో ఆసుపత్రిలో నేను నర్సును. వార్డులో నాడి చూస్తుంటే, వాడితో కలిసి పనిచేసే పనిజోడు ఫోన్ చేశాడు. "అక్కా, జర కూసో," అన్నాడు. కూర్చోకముందే అర్థమైంది. పేషెంటు మణికట్టు పట్టుకునే ఉన్నాను. నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టలేకపోయాను.

ఐదుగురిలో నేను పెద్దదాన్ని, వాడు ఆఖరివాడు. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో వాడికి నడక నేర్పింది నేనే. ఇక్కడ రోడ్ల మరమ్మతు కంపెనీలో తొమ్మిదేళ్ళు చేశాడు. శుక్రవారం నా గదికి వచ్చేవాడు. చెప్పులు బయటే విడిచి, గోళ్ళలో ఇరికిన డాంబరు కొబ్బరినూనెతో తీసుకుని, అప్పుడే కంచం ముందు కూర్చునేవాడు. నేను దీపం పెట్టి నామాలు చదువుతుంటే, "మా ముదీర్ పేరు గూడ చెప్పక్కా, జర బుద్ధి రానీ," అనేవాడు. ముదీరంటే వాళ్ళ మేనేజరు.

ఎడారిలో వానేమిటని ఊళ్ళో నవ్వుతారు. ఇక్కడ వాన చలికాలంలోనే. పడిందంటే కొండల నీళ్ళు రోడ్డు మీదుగా ఉరికి, డాంబరును పెచ్చులుగా లేపుతాయి. మిగిలింది రిఫైనరీకి పోయే ట్రక్కులు తవ్వుతాయి. టైరు పగిలినవాడికి, డ్యూటీ ఆలస్యమైనవాడికి ఎదురుగా కనబడేది పార పట్టుకున్న మావాడే. హారన్లూ తిట్లూ వాడికే.

"అరబ్బీల ఒకడు, ఉర్దూల ఒకడు. మొన్న తెలుగుల గూడ తిట్టిండొకడు. పానం లేచొచ్చినట్టయిందక్కా! 'ఏ ఊరే అన్నా మీది?' అన్న. సిగ్గువడి అద్దం ఎత్తుకున్నడు."

"నీకు కోపం రాదారా?"

"తిట్టనీ అక్కా. తిట్టేటోడు గుంత దాటినట్టే గద."

ఇది చదివేవారిలో ఆ దారిన బండి నడిపినవాళ్ళు ఉండవచ్చు. మీలో ఎవరో వాడి మీద హారన్ కొట్టే ఉంటారు. తప్పు పట్టను. వాడూ పట్టలేదు.

పనిలో మొండి. తడి గుంతలో పోసిన డాంబరు నిలవదు. నీళ్ళు తోడి, ఊడ్చి, ఆరనిచ్చి పోయాలనేవాడు. ముదీర్ "జల్దీ" అంటే, "తడి పుండు మీద పట్టీ అంటుకుంటదా సాబ్? మా అక్క నర్సు, అడుగు," అనేవాడట.

ఇక నా సంగతి చెప్పాలి. పోయిన చలికాలం ఒక డ్రైవరును నుదురు చీలి మా ఎమర్జెన్సీకి తెచ్చారు. నీళ్ళు నిండిన గుంత చదును రోడ్డులా కనిపించిందట. ఆ వారం తమ్ముడితో అన్నాను: "నీళ్ళు నిండితె గుంత ఎట్ల కనవడ్తదిరా? ఏదన్న గుర్తు పెట్టరాదు?"

"రోడ్డు మీద అడ్డం వెట్టే కోన్లు సాలుతలెవ్వక్కా."

"కోన్లే గావాల్నా?"

అంతే అన్నాను. అప్పటినుంచి కోన్లు చాలని రోజున తన రేడియం జాకెట్ విప్పి, కర్రకు కట్టి, గుంతలో నిలబెట్టేవాడు. "దూరంకెల్లి మెరుస్తదక్కా," అని మురిసిపోయాడు. మరి నువ్వెలా కనబడతావని నేను అడగలేదు.

కంపెనీ రాసిన కాగితంలో "జాకెట్ వేసుకోలేదు, సొంత నిర్లక్ష్యం" అని ఉంది. ఇక్కడున్న రక్తసంబంధిని నేనే కాబట్టి సంతకం నన్నడిగారు. పెడితే వాణ్ణి ఇంటికి పంపే కాగితాలు కదులుతాయి. నేను పెట్టలేదు.

ఊరినుంచి మరదలు, వాడి భార్య, ఫోన్‌లో ఏడ్చింది. "ఏమన్న రాసుకోనీ వదినా. మనిషిని పంపు. పిల్లలు దర్వాజల్నే కూసుంటున్నరు."

"జర ఓపిక వట్టు బిడ్డా," అన్నాను. ఆరు రోజులు గడిచాయి. జపమాల తిప్పుతుంటే మధ్యలో ఆగిపోయేదాన్ని. ఈ మొండితనం వాడి పేరు కోసమా, నా మాట నన్ను పొడుస్తున్నందుకా? ఇప్పటికీ తేలలేదు.

ఏడో రోజు పనిజోడు వచ్చాడు. నిర్మల్ వైపు మనిషి. టీ ఇచ్చాను.

"నేను జూసిన అక్కా. మబ్బు మబ్బుగ ఉండె. మూడు బండ్లు జాకెట్ జూసి పక్కకు దిప్పినయ్. నాలుగోది ట్రక్కు. అది గూడ జాకెట్ జూసే దిప్పింది. దిప్పిన దిక్కే తమ్ముడున్నడు. ఆన్ని సూడలే." టీ గ్లాసు కింద పెట్టి, "చెప్తె నా పని పోతదేమో," అన్నాడు.

"పోవచ్చు," అన్నాను. "నేను చెప్పుమనను."

లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు నేనున్నప్పుడే కంపెనీ ఆఫీసుకు వచ్చి, ముదీర్ ముందు నన్ను చూడకుండా చెప్పాడు: "సాబ్, జాకెట్ గడ్డేమే థా. కోన్ కమ్ థే." జాకెట్ గుంతలో ఉంది, కోన్లు తక్కువున్నాయి అని. ముదీర్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. తర్వాత నిర్లక్ష్యమన్న మాట కొట్టేసి, కోన్లు చాలక గుంతకు గుర్తుగా జాకెట్ కట్టాడని రాయించాడు. అప్పుడు సంతకం పెట్టాను. పనిజోడు పని ఇంకా ఉంది. అతని భయమూ ఉంది. నా నామాల్లో ఇప్పుడు అతని పేరు చేరింది.

తమ్ముడు ఊరికి వెళ్ళాడు. నేను డ్యూటీకి వెళుతున్నాను. మా బస్సు ఆ దారినే పోతుంది. ఆ చోట ఇప్పుడు నల్లటి కొత్త అతుకు ఉంది. నిన్న నా పక్క సీట్లో ఒక కేరళ అమ్మాయి కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోతోంది. అతుకు దగ్గరపడగానే, కుదుపు వస్తుందేమోనని నేను ముందు సీటు పట్టుకున్నాను. బస్సు అతుకు మీదుగా సాగిపోయింది. ఆమె తల అద్దానికి తగల్లేదు. నిద్రలోనే కొంచెం ఒత్తిగిలి, నా భుజం మీదికి వాలింది.