సూరిదా కాపలా కాసిన సర్వర్

మొన్న సర్వర్ గదిలోకి అడుగుపెట్టగానే ఫ్యాన్ల హోరు చెవులను కమ్మేసింది. ఆ హోరు వింటే నాకు ఇప్పటికీ సూరిదానే గుర్తొస్తారు. అసలు పేరు సూర్యనారాయణ. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి కోల్‌కతా పక్కన షాలిమార్ గూడ్స్ యార్డులో పనికొచ్చిన మనిషి. మాదీ రైల్వే కుటుంబమే, అక్కడికి దగ్గర్లోని టికియాపారా. కోల్‌కతా ఆఫీసులో బెంగాలీలంతా మా సీనియర్ అయిన ఆయన్ని అన్న అనే అర్థంలో దాదా అంటుంటే నాకూ అదే అలవాటైపోయింది.

ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో లినక్స్ సర్వర్ మీద బిల్డ్ ఏజెంట్ అనే ప్రోగ్రాం పెట్టే పని నాకు అప్పగించారు. ఎవరు కోడ్ పంపినా అది దానంతటదే తీసుకుని, బిల్డ్ చేసి, అంటే నడిచే ప్రోగ్రాముగా మార్చి, పరీక్షించి, ఫలితం చెప్పాలి.

"దానికి వేరే యూజర్ పెట్టమ్మా. దాని ఫోల్డర్ తప్ప ఇంకేటీ ముట్టకూడదు," అన్నారు సూరిదా.

అలా పెడితే అడుగడుగునా అనుమతి లేదంటూ మొరాయించింది. రెండు రోజులు దాంతో వేగి, విసుగెత్తి, ఆయనకు చెప్పకుండా రూట్‌గా నడిపించాను. రూట్ అంటే సర్వర్‌లో దేన్నైనా చెరిపేయగల అధికారం. చక్కగా నడిచింది. పెద్దాయనది వట్టి చాదస్తం అనుకున్నాను.

రెండు రోజులు గడిచాయి. మర్నాడు బంద్, ఎవరూ ఆఫీసుకు రాలేరు. అందుకని ఆ మధ్యాహ్నమే పని తేల్చేయాలని నా తొందర. ఆ ఏజెంట్ చేత పాత ఫైళ్ళను తుడిపించే స్క్రిప్టులో ఫోల్డర్ పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను. పేరు లేకపోతే అది సర్వర్ మొత్తాన్నీ తుడుస్తుంది. నడిపాక గాని చూసుకోలేదు. ముప్పై మంది కోడ్ అందులోనే ఉంది, బ్యాకప్ వారం నాటిది. ఉద్యోగం ఊడితే ఊడింది, వాళ్ళకు నా మొహం ఎలా చూపించాలి? స్క్రిప్టు ఆపేసి, తెర చదివే ధైర్యం లేక ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"ఏటయింది?"

"సర్వర్ మొత్తం తుడిచేశాను, దాదా."

"ఏ యూజర్‌తో నడిపేవు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "రూట్. మీరొద్దన్నా పెట్టాను."

ఆయన వచ్చి నిదానంగా తెర చదివారు. ప్రతి వరుసలోనూ ఒకటే మాట, అనుమతి లేదు.

"పొద్దున్నే చూసి ఏజెంట్‌ని రూట్ నుంచి తీసి వేరే యూజర్‌కి మార్చీసేను. దానికి కావలసిన అనుమతులేవో ఇచ్చేను. దాని ఫోల్డరే పోయింది, మరేటీ పోలేదు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు మళ్ళీ మార్చీదానివి కావా?"

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బతికిపోయాను అని పైకే అనేశాను. కుర్చీ ఆయనకిద్దామని లేవబోతే, "కూకో. నువ్వే సరిచెయ్," అన్నారు. ఒక్క లైను మూడుసార్లు తప్పు కొట్టాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. అంతా సరే అన్నట్టు బిల్డ్ పచ్చగా వచ్చాక లేచి టీకి వెళ్ళిపోయారు. బంద్ రోజు నేను పదింటిదాకా హాయిగా నిద్రపోయాను.

సూరిదా ఇప్పుడు లేరు. కొత్తగా చేరినవాళ్ళు ఏదో పాడుచేసి, వాడిపోయిన మొహాలతో నా దగ్గరికి వస్తుంటారు. నా కోపం ఇంకా ముక్కు మీదే ఉంటుంది, చేతులు వాళ్ళ కీబోర్డు మీదికి దూకబోతాయి. వాటిని బలవంతాన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.