హార్మోనియం కాళ్ల కింది తివాచీ

1974 ఎండాకాలం. విజయవాడ గవర్నరుపేటలో తివాచీలను పరీక్షించే ఓ చిన్న లేబరేటరీలో అసిస్టెంటుగా పనిచేసేదాన్ని. తివాచీ మందాన్ని వెంట్రుకవాసి తేడాతో కొలిచే డయల్ గేజి మా ప్రధాన ఆయుధం. ఫ్యాను ఆపితే తప్ప దాని ముల్లు నిలకడగా ఉండేది కాదు. చెమటలు కక్కుకుంటూ, బరువు కింద ఉన్ని పోగు ఎంత నలిగిందో, బరువు తీశాక ఎంత లేచిందో గ్రాఫు కాగితాల మీద గీసేదాన్ని. అలా లేవడాన్ని రికవరీ అనేవాళ్లం. పోగును స్ప్రింగుగా ఊహించి, స్లైడ్ రూలుతో లెక్కలు కట్టి ఒక మోడల్ కూడా తయారుచేశాను. అంటే, ఏ బరువుకు ఎంత రికవరీ ఉంటుందో ముందే చెప్పే ఫార్ములా అన్నమాట. దాన్ని చూసుకుని తెగ మురిసిపోయేదాన్ని. ఆ గది తలుచుకుంటే ఉన్ని వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది, ఆ రోజుల మీద బెంగ కలుగుతుంది.

గన్నవరం వైపు ఒక చర్చిలో రెండేళ్ల కిందట ఏలూరు తివాచీ పరిచారు. ఓ రోజు పెడల్ హార్మోనియం పక్కకు జరిపితే, దాని కాళ్లున్న చోట నాలుగు గుంటలు కనిపించాయి. వారం గడిచినా పూడలేదు. తివాచీ నేసిన ఖాదర్ గారు, నేతగాళ్ల సహకార సొసైటీ ఇచ్చిన మంచి ఉన్నిని దాచుకుని, తోళ్ల మీంచి సున్నంతో ఊడదీసిన చవక ఉన్ని వాడారని ఫాదర్ గారికి అనుమానం వచ్చింది. ఫిర్యాదు అందగానే, మా రిపోర్టు వచ్చేదాకా సొసైటీ ఆయనకు ఉన్ని ఇవ్వడం ఆపేసింది.

నేను చర్చికి వెళ్లి గుంటలు కొలిచి వచ్చాను. సొసైటీ వాళ్ల మంచి ఉన్నితో నేసిన ముక్క మీద హార్మోనియం కాలికి సరిపడా బరువు గంటసేపు పెట్టి తీశాను. అచ్చం ఫార్ములా చెప్పినట్టే చక్కగా లేచింది. ఇంకేముంది, చర్చి తివాచీది మంచి ఉన్ని కాదని రిపోర్టు రాసి సంతకం పెట్టేశాను.

కవరు అంటించేలోపు ఖాదర్ గారే ఏలూరు నుంచి ప్యాసింజరు బండిలో వచ్చారు. అరవై దాటిన మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"బరువు ఎంతసేపు పెట్టారమ్మా?"

"గంటండీ."

"ఆ హార్మోనీ పెట్టె రెండేళ్లుంది గదమ్మా దాని మీద."

నా ఫార్ములాలో బరువు ఉంది, కాలం లేదు.

"కనీసం నెల రోజులు పెట్టి చూడాలండీ. అన్నాళ్లూ మీకు ఉన్ని ఇవ్వరేమో."

"మగ్గం ఆగితే ఆగిందిలేమ్మా. దొంగ ఉన్ని నేశాడన్న మాట మాత్రం నేను పడలేను," అన్నారు.

మంచి ముక్క మీద అదే బరువు పెట్టి నెల రోజులు కదపలేదు. తీసి చూస్తే గుంట పడింది. వారమైనా పూడలేదు. కార్డు రాయగానే ఖాదర్ గారు వచ్చారు. ఆ గుంటను బొటనవేలితో తడిమి, తువ్వాలుతో కళ్లొత్తుకున్నారు.

గుంటలు ఉన్ని లోపం వల్ల కావని కొత్త రిపోర్టు రాశాను. ఇద్దరం చర్చికి వెళ్లాం. గుంటల మీద తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె ఆనీ ఆననట్టు పట్టుకుని, ఆవిరికి మెత్తబడిన పోగులను ఆయన దువ్వెనతో పైకి లేపారు. మూడు గుంటలు ఆనవాలు లేకుండా పోయాయి. నాలుగోది కొంచెం మిగిలింది.

"తొందరపడ్డానండీ ఖాదర్ గారూ," అని ఫాదర్ గారు ఆయన చేతులు పట్టుకున్నారు.

స్ప్రింగు పక్కన నూనెలో మెల్లగా కదిలే పిస్టన్ను ఊహించుకుని, మోడల్‌లో కాలాన్ని చేర్చడం ఆ తర్వాత నేర్చుకున్నాను. అదేమంత కష్టం కాలేదు. పంపకుండా ఆపిన ఆ రిపోర్టును మాత్రం చాలా ఏళ్లు దాచుకున్నాను. ఉన్ని పోగుకు గంట టైమిచ్చి చూశాను. ఖాదర్ గారిని ఒక్క మాట అడగడానికి అయిదు నిమిషాలు కూడా ఇవ్వకుండానే ఆయన దొంగని సంతకం పెట్టాను.