పసుపు సున్నం కట్టు

చాలా ఏళ్లుగా ఒక చప్పుడును మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అలాగైతేనే చెప్పగలను.

నేను ఫుట్‌బాల్ ఆడాను. దేశం జెర్సీ వేసుకున్నాను. ఆట మానేశాక ఆర్మూర్‌కు తిరిగి వచ్చి ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను. మార్కెట్‌కు పసుపు తెచ్చిన రైతులు మైదానం పక్కన ఆగి, ఈమె ఒకప్పుడు పెద్ద ప్లేయరట అని చెప్పుకునేవారు. ఆ 'ఒకప్పుడు' నన్ను కొరికేది.

పిల్లలందరిలో మానస చురుకైనది. తండ్రి దుబాయ్‌లో ఉండేవాడు. తల్లి గంగమణి బీడీలు చుట్టేది. జిల్లా ఫైనల్‌కు ముందురోజు ప్రాక్టీసులో, మైదానం అంచున ఆరబోసిన పసుపు కొమ్ముల మీద మానస పాదం పడి జారింది. మోకాలు పక్కకు తిరిగింది. టక్‌మంది.

పక్కనే ఉన్నాను. విన్నాను. లోపల ఏదో తెగితే తప్ప ఆ చప్పుడు రాదు. ఆడినవాళ్లకు అది తెలుసు.

భుజం ఆసరా ఇచ్చి ఇంటికి తీసుకెళ్లాను. గంగమణి బీడీల చాట పక్కన పెట్టి లేచింది.

"మేడం, నిజామాబాద్ దవాఖానకు తీస్కపోదమా?"

"ఎందుకక్కా, ఉత్తగ బెణికింది. పసుపు సున్నం కడ్తే పొద్దుగాల్ల వరకు వాపు గుంజుతది" అన్నాను.

నేను పూస్తుంటే మానస పళ్లు బిగబట్టి నవ్వింది. "గింత పసుపా మేడం! జర ఉప్పు కారం గూడ ఎయ్యి, కూరైతది."

"నోర్ముయ్యే! మేడంతోటి పరాచికాలా?" తల్లి కసిరింది.

"మరి నేను ఆడకపోతే గా కమ్మర్‌పల్లి టీం పోరీలు సంకలు గుద్దుకుంటరే అమ్మా. రేపు ఆడుత గదా మేడం?"

"ఆడుతవ్ బిడ్డా."

ఆ మాట అన్నది నేను.

పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రబడుతుంది. దాన్ని మందంగా పూసి గుడ్డ చుట్టాను. ఈ ఊళ్లో ఏ ఇంట్లోనైనా చేసేదే కాబట్టి ఎవరూ అనుమానించలేదు. కట్టు కింద వాపు ఎవరికీ కనపడదు. అందుకే కట్టానా? తెలియకుండానే ఒక పనిని అంత శ్రద్ధగా చేయగలమా?

ఒకసారి నా మోకాలు దెబ్బతిన్నప్పుడు మా కోచ్ నన్ను ఆడనివ్వలేదు. ఏడ్చాను, ఆయన్ను తిట్టుకున్నాను. ఆయన మెత్తబడలేదు. తర్వాత అన్నేళ్లు ఆడగలిగానంటే అందువల్లే. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

ఫైనల్ చూడడానికి రాష్ట్ర జట్టును ఎంపిక చేసేవాళ్లు వస్తున్నారు. నేను తయారుచేసిన పిల్లలు వాళ్ల కంట పడాలి. అది పిల్లల కోసమే అనుకున్నాను. ఆ రోజంతా అలాగే అనుకుంటూ ఉన్నాను.

మానస గోల్ కొట్టింది. ఆ తర్వాత కాసేపటికి, ఎవరూ తాకకుండానే, పడిపోయింది. మేం గెలిచాం. కొన్నాళ్లకు నాకు ఒక క్రీడా పాఠశాలలో కోచ్ ఉద్యోగం వచ్చింది.

దవాఖానలో డాక్టర్ విసుక్కున్నాడు. దెబ్బ తగిలిన మోకాలితో ఆడి పూర్తిగా పాడుచేసుకున్నారన్నాడు. పసుపు పూసుకుని కూర్చుంటే తెగినవి అతుక్కుంటాయా అన్నాడు. ఈ కట్టు ఎవరు కట్టారని అడిగాడు.

"నేనే కట్టుకున్న సార్" అంది మానస.

నేను ఆ గదిలోనే ఉన్నాను.

నన్ను కాపాడిందా? గురువు పేరు చెప్పకూడదనుకుందా? అడగలేదు. అడిగితే తనకెంత తెలుసో నాకు తెలిసిపోతుంది.

ఆ తర్వాత మానస కూడా బీడీలకు కూర్చుంది. కాలు మడత పడేది కాదు. ఒక కాలు బారజాపి, రెండో తొడ మీద చాట పెట్టుకునేది. నేను అటుగా వెళ్తే ప్రతిసారీ పిలిచేది. "మేడం, ఫైనల్ల గోల్ ఎవరు కొట్టిన్రు?" నువ్వే అనేదాన్ని. నవ్వేది. కొన్నాళ్లకు నేను దారి మార్చుకున్నాను.

పోయిన వానాకాలం మానస విషజ్వరంతో చనిపోయింది. జ్వరానికీ మోకాలికీ సంబంధం లేదు. ఆ సంగతి నాకు ఊరట కాకూడదు.

దినాల నాడు గంగమణి తన చేత్తోనే నా విస్తట్లో అన్నం పెట్టింది. "కన్నతల్లి లెక్క చూస్కున్నవ్ మేడం. దాని నసీబే గట్లుండె" అంది.

తల వంచుకుని తిన్నాను.

గంగమణికి చదువు రాదు. ఇక్కడ రాసే ధైర్యం అందుకే వచ్చిందేమో, అదీ ఒప్పుకోవాలి. ఆ ఇంటికి వెళ్లి చెప్పడం మిగిలే ఉంది. వెళ్తానా? నసీబ్ అనుకుని బతుకుతున్న మనిషి దగ్గర ఆ ఒక్క మాటనూ లాక్కోవడం న్యాయమా, లేక ఇలా ఆలోచించడం కూడా నేను కట్టుకుంటున్న ఇంకో కట్టా?

తెలియదు. తెలిసింది ఇంతే. మోకాలు టక్‌మంది. నేను విన్నాను. అది బెణుకు కాదని నాకు అప్పుడే తెలుసు.