ఇద్రీస్‌తో దమ్మామ్ సినిమాకి

ఏడో తరగతిలో నేను బడి మానేశానని మావాళ్లంటారు. నిజానికి బడే నన్ను మానేసింది. హెడ్మాస్టరు ఎంతో సంతోషంగా టీసీ చేతిలో పెట్టాడు. అలాంటి నేను, ఇంగ్లీషు మాటలూ అరబ్బీ అక్షరాలూ ఉన్న సినిమా కోసం సౌదీలో మా లేబర్ క్యాంపున్న హఫర్ అల్ బాతిన్ నుంచి ఐదారు గంటల దూరంలోని దమ్మామ్ దాకా వెళ్లాను.

కారణం ఇద్రీస్. సూడాన్ మనిషి, మమ్మల్ని పనికి తీసుకెళ్లే వ్యాను డ్రైవరు. నాకు జ్వరమొస్తే ఆస్పత్రికి భుజాన మోసుకెళ్లినవాడు. రెండేళ్లుగా నేనతన్ని "బొగ్గన్నా" అని పిలిస్తే వ్యానంతా నవ్వేది. పోయిన వారం ఎవరో దాని అర్థం అతనికి చెప్పారు. ఇద్రీస్ నేరుగా ఫోర్‌మన్ దగ్గరికెళ్లి, "వీణ్ణి నా బండి ఎక్కనివ్వను" అన్నాడు. నాతో మాటలు బంద్. సినిమా చూపించి మంచి చేసుకుందామనుకున్నాను. పోస్టర్లో మంటలున్నాయి కదా, ఫైటింగుల సినిమా అనుకుని టికెట్లు తీశాను. బతిమాలితే వచ్చాడు.

శుక్రవారం పొద్దున ఆరింటికి బస్సు. మనిషికి నూరు రియాళ్ల పైనే. వెళ్లేవాళ్లు ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్ కార్డు, జేబులో పెట్టుకోండి, ఎక్కేటప్పుడు చూస్తారు. ఏసీ చలికి దుప్పటి కూడా ఉండాలి. దారంతా ఇసుకే. మా ముందు సీటులో ప్రయాణిస్తున్న హైదరాబాద్ ట్యాక్సీ డ్రైవరు వెనక్కి తిరిగి, "సినిమా కోసం గింత దూరం పోతున్నరా భాయ్? జీతం పెరిగిందా?" అన్నాడు.

"లేదన్నా, తెలివి తగ్గింది."

ఇద్రీస్ కిటికీ వైపే చూస్తున్నాడు.

పదకొండున్నరకి దిగాం. అతను జుమా నమాజు చేసొచ్చాక చేపా అన్నమూ తిన్నాం. మూడింటికి ఆట.

తెర మా క్యాంపు నీళ్ల ట్యాంకుకన్నా ఎత్తు. ఏదో మహానగరంలో ఒక వీధి. ఒకవైపు నల్లవాళ్ల ఇళ్లు, ఎదురుగా తెల్లవాళ్లవి, మూలమీద మన రంగువాడి కిరాణా కొట్టు. కింద వచ్చే అరబ్బీని ఇద్రీస్ మా క్యాంపు హిందీలో నా చెవిలో చెప్పాడు. వారం తర్వాత మళ్లీ ఆ గొంతు విన్నాను. ఇంతలో కొట్టువాడు ఒక నల్లాయన్ని నవ్వుతూ ఏదో అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇద్రీస్ చెప్పడం ఆపేశాడు. నేనూ అడగలేదు. అప్పటిదాకా ఆ కొట్టువాడే హీరో అనుకుంటున్నాను.

చివర్లో వీధికి అటు నల్లవాళ్లూ ఇటు తెల్లవాళ్లూ వందలమంది ఎదురెదురుగా నిలబడ్డారు. నడుమ సిగ్నల్ ఎర్రబడింది, పచ్చబడింది, మళ్లీ ఎర్రబడింది. ఒక్కరూ కదల్లేదు. హాల్లో సౌదీ కుటుంబాలు, ఫిలిప్పీన్స్ నర్సులు, మేము. పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా లేదు. నోరు మూసుకోవడం చేతకాని నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఒక గుడ్డ తెర ఇన్ని దేశాలవాళ్లని ఒకేసారి ఇలా కట్టి పడేస్తుందని నాకు తెలియదు.

తిరుగు బస్సెక్కేసరికి పొద్దు గుంకుతోంది. ఊరు దాటాక అడిగాను: "ఇకమీద పేరుతోనే పిలుస్తా ఇద్రీస్ భాయ్. బండి ఎక్కనిస్తావా?"

అతను కిటికీ వదిలి నా వైపు తిరిగాడు.

"ఎక్కు. కానీ నా పక్కన కాదు, వెనక కూర్చో. అక్కణ్ణుంచైతే అద్దంలో నా ముఖం కనిపిస్తుంది. రెండేళ్లు పక్కనే కూర్చుని జోకులేశావు, నేను నవ్వానో లేదో ఒక్కసారీ చూడలేదు."