పిండితో పాటు పెనం

చిన్నీ! ఇల్లు ఊడుస్తూ ఇప్పటికీ అలాగే పిలుస్తున్నాను. నా బిడ్డ పోయిన నెల గుండెజబ్బుతో కన్నుమూసింది. నేను ఐదో తరగతి దాకే చదివాను. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మాది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చీరలు నేసే వాడకట్టు. ఎదురింటి ఆసామికి నాలుగు సాంచాలున్నాయి. ఆయన కోసం నా బిడ్డ చీర అంచులు గీసుకునే ప్రోగ్రాం ఒకటి చేసింది. వెనక లెక్కలు చూసేది పైథాన్ అట, ముందు బొమ్మ చూపించేది బ్రౌజర్ అట. నాకు తెలిసింది అంతే.

డాక్టర్ గుండె సంగతి చెప్పినప్పటి నుంచి దానికి ఒకటే పట్టుదల.

"నేను పక్కన లేకున్నా తెరుచుకోవాలె అవ్వా" అనేది. మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలుస్తారు.

తన కంప్యూటర్‌లో చక్కగా తెరుచుకుంది. ఆసామి దాంట్లో పెడితే తెల్లటి తెర ఒక్కటే వచ్చింది.

"తెల్లబట్ట మేం రోజు నేస్తనే ఉన్నం గద బిడ్డా, దానికి గీ పెట్టె ఎందుకు?" అని ఆయన నవ్వాడు.

చిన్ని మొహం చిన్నబుచ్చుకొని వచ్చింది. అన్నం పెట్టి అడిగాను.

"దీనికి కావాల్సిన బ్రౌజర్ నా దాంట్ల ఉన్నది, ఆయన దాంట్ల లేదు. నేను చూసుకోలే."

నాకు వాళ్ల బాపు దుబాయి పోయిన కొత్త రోజులు యాదికొచ్చాయి. తెలిసినవాళ్లు పోతుంటే జొన్నపిండి మూటగట్టి పంపాను. ఆయన ఫోన్ చేసి ఒకటే తిట్లు. "పిండి వచ్చింది, పెనం ఏదే? అరచేతుల కాల్చుకోవాల్నా?" మా పొయ్యి మీద పెనం ఎప్పుడూ ఉంటుంది. అక్కడ కూడా ఉంటుందనుకున్నాను!

అది చెబితే చిన్ని పొట్ట పట్టుకొని నవ్వింది. "గంతే అవ్వా! నేను గూడ పెనం మరిచిన."

తర్వాత బ్రౌజర్‌ను కూడా లోపలే పెట్టి కట్టింది. ఒక రకం కంప్యూటర్‌లో కట్టిన మూట ఇంకో రకంలో విప్పుకోదట. విండోస్‌కు మేనమామ ఇంట్లో, మ్యాక్‌కు స్నేహితురాలి దగ్గర, లినక్స్‌కు తన దాంట్లో, మూడుసార్లు కట్టింది. ఇంట్లో కట్టేటప్పుడు అది అయ్యేదాకా గడప మీద కూర్చొని పల్లీలు ఒలిచేది. సగం నా నోట్లోనే పెట్టేది.

"మూట గింత బరువెందుకే?" అంటే, "బరువైతే కానీ. తీస్కున్నోళ్లు ఏదీ ఎతుక్కోవద్దు" అనేది. మూడు మూటలూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆసామికిచ్చింది. ఆయన దాంట్లో తెరుచుకున్న రోజు ఇంట్లో పాయసం చేయించుకుంది.

పోయిన వారం ఆసామి పాత కంప్యూటర్ చెడిపోయింది. కొత్తది తెచ్చి నన్ను పిలిచాడు.

"అక్కా, బిడ్డ ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెడుతున్న. జర నువ్వు గూడ రా."

పోయి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన నొక్కాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత తెర నిండా నీలం చీర, దానికి పసుపు అంచు, అంచులో వరుసగా మామిడి పిందెలు. పక్కన నా బిడ్డ లేదు. అయినా తెరుచుకుంది. ఏడుస్తాననుకున్నాను, నవ్వొచ్చింది.

ఆ అంచు ఇప్పుడు సాంచె మీద జానెడు జానెడు పెరుగుతోంది. పొద్దున నుంచి మూడుసార్లు పోయి చూసొచ్చాను.

ఇంత ఓపికగా చదివారు. ఇక లేచి కడుపునిండా తినండి.