సంపిన అన్నాడు

మా అవ్వ పత్తాలాటలో, అదే పేకాటలో, ఎవరినైనా ఓడిస్తే "ఓడగొట్టిన" అనేది కాదు. ముక్కలన్నీ చాప మీద పరిచి, తొడ చరిచి, "సంపిన పో బిడ్డా!" అనేది. ఓడినవాళ్లు "సచ్చిన అవ్వా" అని నోటితో ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ పూట చాయ్ లేదు. పాస్టరయ్య సందు మలుపు తిరిగాడని తెలిస్తే పత్తాలు చాప కిందికి పోయేవి, చాప మీదికి బైబిలు వచ్చేది. నల్గొండలో మా వాడంతటికీ తెలిసిన సంగతే ఇది. పాస్టరయ్యకూ తెలుసనే అనుకుంటాను.

ఆ ఆటకు అతను వచ్చేవాడు. ఆత్మకూరు దిక్కు వ్యవసాయం చేసే కుటుంబం వాళ్లది. డిగ్రీ చదవడానికి వచ్చి మా వెనక సందులో గది కిరాయికి తీసుకున్నాడు. మొదట అవ్వ కోసం వచ్చాడు, తర్వాత నా కోసం వచ్చాడు. గెలిచినప్పుడు అవ్వకు వినపడకుండా నా వైపు వంగి "నిన్ను సంపిన" అనేవాడు. ఆ మాటకు ఎంత సిగ్గుపడేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. పెళ్లి చేసుకుందామనే అనుకున్నాం.

ఒక రోజు వాళ్ల నాయిన జీపులో వచ్చాడు. మా వాకిట్లోనే నిలబడ్డాడు. అమ్మ మంచినీళ్లు తెస్తే వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో మా అందరికీ తెలుసు. నా చిన్నప్పుడు అమ్మ వాళ్లలాంటి వాళ్ల పొలాల్లోనే కూలికి పోయేది. కొడుకును జీపెక్కించుకుని పోయాడు. కొడుకు కిక్కురుమనకుండా ఎక్కాడు.

నేను చచ్చిపోలేదు. ఉద్యోగం తెచ్చుకున్నాను. కరెంటు ఆఫీసులో పనిచేసే నెమ్మదస్తుణ్ణి, మా చర్చి మనిషినే పెళ్లి చేసుకున్నాను. పిల్లలు కలగలేదు. ఆయన దాని గురించి నన్ను ఒక్క మాట అనలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో అతను మళ్లీ నల్గొండలో తేలాడు. ఊరి బయట ఒక బత్తాయి తోటలో పత్తాలాట నడిచేది. పొద్దున పోయి పొద్దుగూకేదాకా అక్కడే ఉంటాడని విన్నాను. ఒకసారి గడియారం చౌరస్తాలో ఎదురుపడ్డాడు. మనిషి సగమయ్యాడు. ఫోన్ నంబరు అడిగాడు, ఇచ్చాను. దిక్కుమాలిన బుద్ధి, ఇచ్చాను.

ఎప్పుడో ఒకసారి, అదీ గెలిచిన రోజే, నేను ఆఫీసులో అన్నం తినే వేళకు ఫోన్ చేసేవాడు. "సంపిన" అనేవాడు. "ఎవర్ని?" అనేదాన్ని. "ఆడించెటోన్ని" అనేవాడు. ఆడించేవాడంటే ఆ తోటలో ఆట నడిపే మనిషి. నేను నవ్వేదాన్ని, ఫోన్ పెట్టేసేవాడు. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు. ఏమీ లేదు కాబట్టి ఇంట్లో చెప్పక్కరలేదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆ రోజు ఎండ మాడుస్తోంది. అప్పుడే గిన్నె మూత తీశాను. ఫోన్ మోగింది.

"వాణ్ని సంపిన."

గొంతు జీరబోయింది. ఎండలో కూర్చుని ఆడాడేమో అనుకున్నాను. నవ్వు ఆగలేదు నాకు.

"అబ్బో! గిన్ని దినాలకు! ఎన్ని ఆటలల్ల సంపినవ్?"

వెనక మోటారు నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"ఒక్క దెబ్బకే" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. నేను పచ్చిపులుసు పోసుకుని అన్నం తిన్నాను.

సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. ఆట ఆడించే మనిషి తోట బావిలో శవమై తేలాడు. తలకు గాయముంది. బావి గట్టు నిండా రాళ్లే. కాలు జారి పడ్డాడో, ఎవరైనా తోశారో చెప్పలేమన్నారు. ఆటగాళ్లంతా తలా ఒక దిక్కు పారిపోయారు. పోలీసులు అతణ్ణి పట్టుకుని ఫోన్ చూస్తే, ఆ మధ్యాహ్నం చేసిన ఒకే ఒక్క కాల్ నాకే.

నన్ను స్టేషనుకు పిలిచారు. మా ఆయనే బండి మీద తీసుకుపోయాడు. దారిలో "ఎవరాయన?" అని అడిగితే "అవ్వ దగ్గరికి ఆటకు వచ్చేటోడు, ఎప్పటి ముచ్చటో" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

వాంగ్మూలం రాసే రైటరు మా దిక్కువాడే. "ఫోన్ల ఏమన్నడమ్మా?" అని మన మాటలోనే అడిగాడు. "వాణ్ని సంపిన అన్నడు" అని చెప్పాను. రాసుకుని చదివి వినిపించాడు.

"'వాడిని చంపాను' అని ముద్దాయి నాతో ఫోనులో చెప్పాడు."

మేమందరం ఇంతే. మాట్లాడేది ఒకటి, కలం పడితే రాసేది ఇంకొకటి. నేనిప్పుడు రాస్తున్నదీ అట్లాగే ఉంది. అవ్వ చాప మీద నవ్వుతూ అన్న మాట ఆ కాగితం మీద హత్యై కూర్చుంది. అది ఆట మాట సారూ అందామనుకున్నాను. అంటే, ఆట గెలిచిన సంగతి నీకెందుకు చెప్పాడు అని అడుగుతారు. మా ఆయన నా మొహమే చూస్తున్నాడు. "ఆఁ, గంతే" అన్నాను.

రెండేళ్లు అతను జైల్లోనే ఉన్నాడు. నా మాట తప్ప ఇంకో ఆధారం లేదని అందరూ అనేవాళ్లు. నేను చర్చిలో నోరు తెరిచి పాట పాడలేకపోయాను. తప్పు చేయని మనిషిని నా సంసారం కోసం లోపల కూర్చోబెట్టానని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. నోరు విప్పితే ఇల్లు పోతుంది, విప్పకపోతే అతను జన్మంతా జైల్లోనే ఉంటాడు. రెండేళ్లు ఇదే లెక్క.

చివరికి కోర్టు రోజు వచ్చింది. ముందు బెంచీ మీద చనిపోయిన మనిషి భార్య కూర్చుని నా నోటి వైపే చూస్తోంది. వెనక మా ఆయన నా నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. బోనులో అతను తల వంచుకునే ఉన్నాడు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

"చంపాను అని చెప్పాడా లేదా?" అని సర్కారు వకీలు అడిగాడు.

"లేదు. సంపిన అన్నడు."

"రెండూ ఒకటే కదమ్మా!"

"ఒకటెట్లయితది సారూ? మా ఇండ్లల్ల పత్తాలల్ల గెలిస్తె సంపిన అంటం. ఓడితె సచ్చిన అంటం. గీ లెక్కన మా అవ్వ దినాం పదిమందిని సంపింది. మేం మాట్లాడింది మాట్లాడినట్టు రాస్తె గీ మనిషి లోపలుండకపోతుండె."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వకీలు మొహం ఎర్రబడింది. నేను భయపడిన ప్రశ్నే వేశాడు.

"మరి గెలిచిన సంగతి పనిగట్టుకుని మీకే ఎందుకు చెప్పాడు?"

అయినా చెప్పాను. "మేమిద్దరం లగ్గం చేస్కోవాలనుకున్నోళ్లం. ఎప్పుడు గెలిచినా నాకే ఫోన్ చేస్తడు."

తిరిగి చూసేసరికి నీళ్ల సీసా బెంచీ మీదుంది. మా ఆయన లేడు.

కోర్టు మెట్ల మీద ఆ భార్య నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నువ్వు జెప్పింది నిజమేనా? నా పెనిమిటి కాలుజారే పడ్డడా?" అంది. దేవుని మీద ఒట్టేసి నిజమేనన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. జర నిమ్మళమైందమ్మా అంది.

ఇంటికి పోతే మా ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అరవలేదు.

"గెలిచినప్పుడల్ల నీకు చెప్తడా?"

"ఆఁ."

"నువ్వు గెలిచినయి, ఓడినయి నాకెప్పుడన్న చెప్పినవా?"

నెల తిరక్కుండా అడిగి మరీ మక్తల్‌కు బదిలీ చేయించుకున్నాడు. అక్కడే గది తీసుకున్నాడు. పండుగకు కూడా రాలేదు.

కేసు కొట్టేశారు. ఇల్లు పోయినా ఒక నిర్దోషిని కాపాడానని, మన మాటను కోర్టులో నిలబెట్టానని గర్వపడ్డాను. ఏడుస్తూ గర్వపడ్డాను.

తర్వాత కొన్నాళ్లకు మధ్యాహ్నం పూట బస్టాండులో అతను కనిపించాడు. గడ్డం నెరిసింది. సొంతూరికి పోతున్నాడట. పక్కన కూర్చున్నాను. "అవ్వ మాటనే నిన్ను బయటవడేసింది, చూసినవా?" అన్నాను.

తన చేతులకేసి చూసుకున్నాడు.

"కోర్టుల చెప్పింది నువ్వు నిజమనుకునే చెప్పినవా?"

"మరేమనుకున్నవ్?"

"గా దినం ఆటనే కాలె." గొంతు తగ్గించాడు. "వాడు ముక్కల మీద గోటితో గుర్తులు వెట్టుకునేటోడు. మూడేండ్లు నన్ను గట్లనే సంపిండు. గా దినం పత్తాలు పంచకముందే పట్టుకున్న. బాయి కాడ అడిగిన. నవ్విండు. చేతికి రాయి దొరికింది. వాడు బాయిల వడ్డడు."

నేను లేచి, మళ్లీ కూర్చున్నాను.

"ఠాణాకు పోదామనే తొవ్వ వట్టిన. పోయేముందు నీకొక్కదానికి చెప్దామని ఫోన్ చేసిన. ఉన్నదున్నట్టు చెప్పిన. నువ్వు నవ్వినవ్. ఎన్ని ఆటలల్ల అని అడిగినవ్. నువ్వు నవ్వంగనే నాకు గిది గూడ ఆటనే అనిపించింది. ఎన్కకు మళ్లిన."

బస్సు వచ్చింది. సంచీ భుజానికి తగిలించుకుని ఎక్కాడు. వాళ్ల నాయిన జీపు ఎక్కినట్టే, వెనక్కి చూడకుండా ఎక్కాడు.

పుస్తకాల తెలుగులో రాసుకున్న ఆ రైటరు తప్పు రాయలేదు. తప్పు విన్నది నేను. ఆ భార్యకు ఒట్టేసిందీ నేనే. బస్సు పోయిన దుమ్ములో కూర్చుని, ఎవరితో అంటున్నానో నాకే తెలియకుండా "సచ్చిన" అన్నాను.

పక్కనున్న ముసలామె గబుక్కున నా భుజం పట్టుకుంది. "ఏమైంది బిడ్డా? దవాఖానకు తోల్కపోవాల్నా?"