మెదడు కొవ్వు మోసిన ఆదివారాలు

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. లెక్కల మేష్టారూ నేనూ ఒకరినొకరం భరించలేకపోతుంటే, ఇద్దరిలో చిన్నవాణ్ణి కనక నేనే తప్పుకున్నాను. అలాంటివాడికి మెదడు మీద పరిశోధనలో పని దొరికిందంటే నవ్వొస్తుంది. ఐదు నెలలు నేనూ నవ్వాను.

మా అక్క కూతురు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ లాబులో పీహెచ్‌డీ చేస్తోంది. మెదడులో ఒక రకం కొవ్వు ఉంటుందిట, దానికి చక్కెర అతుక్కుని ఉంటుందిట. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ పలచటి పొర ఉంటుంది కదా, అలాంటి పొరతో కంటికి కనబడని చిన్న చిన్న సంచులు తను గాజు సీసాలో తయారుచేసేది. వాటిలో వెలిగే రంగునీళ్ళు నింపి, మెల్లగా వేడిచేస్తూ, ఎంత వేడికి కారిపోతాయో ఆ వెలుగుని బట్టి చూసేది. తర్వాత ఆ పొరలో మెదడు కొవ్వు కలిపి మళ్ళీ చూసేది. కొవ్వు పడితే సంచి గట్టిపడుతుందా, వదులవుతుందా అన్నది తేల్చాలి.

"ఓహో, పెళ్ళయ్యాక మగాడి సంగతన్నమాట" అన్నాను.

"మావయ్యా, మీరు మెదడు తెస్తే చాలండి, వాడక్కర్లేదు" అంది.

మండవల్లి చెరువుల దగ్గర చేపల ప్యాకింగులో ఇరవై ఏళ్ళు పనిచేసిన చెయ్యి నాది. అందుకే ఆ పని నాకప్పగించింది. ఆదివారం పొద్దున్నే ఏలూరులో మా వీధి చివర మాంసం కొట్లో రెండు మేక మెదళ్ళు తీసుకుని, ఇంటికెళ్ళి థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య సర్ది, రైల్లో గూడెం పట్టుకెళ్ళేవాణ్ణి. పెట్టెలో ఏముందండీ అని పక్కవాళ్ళడిగితే స్పేరు మెదడండీ అనేవాణ్ణి.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి తను లాబు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పెట్టె అందుకోలేదు. మర్నాడు పెద్ద ప్రొఫెసర్ల ముందు తన పని చూపించాలి. ఐదు నెలలుగా వచ్చిన ఫలితం ఒక్కటే, మెదడు కొవ్వు పడితే సంచి ముందుగానే కారిపోతోంది. వాళ్ళ సారు కూడా సరేనన్నారు. పోయినవారం తెచ్చిన మెదడుతో మాత్రం సంచి గట్టిపడిందిట, అంత వేడికీ కారలేదుట. మూడుసార్లు చేసినా అంతేట.

"పోయినవారం పెట్టెలో ఏదైనా తేడా ఉందాండీ?"

"అదే కొట్టు, అదే కత్తి. మేక మాత్రం వేరు. పాతది రెండోసారి ఒప్పుకోలేదు."

తను నవ్వలేదు. అయితే తన చేతిలోనే ఏదో పొరపాటు జరిగిందనీ, ఆ ఒక్కటీ తీసేసి మిగతావే చూపిస్తాననీ అంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. పోయినవారం రైలు టైమైపోయిందని మెదళ్ళు కడక్కుండానే పెట్టేశాను. మిగతా అన్ని ఆదివారాలూ ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో కాసేపు ఉంచి, నెత్తురు వదిలాక పసుపురంగు కనబడకుండా రెండు నీళ్ళు పోసి కడిగేవాణ్ణి. ఏమీ కలపకుండా ఉన్నదున్నట్టు తెమ్మని మొదటిరోజే చెప్పింది. నేనేమీ కలపలేదనే అనుకున్నాను. పసుపునీళ్ళు చూపించని మాంసం ఇంకొకరి చేతికివ్వడం మా ఇళ్ళల్లో మర్యాద కాదు. అందులోనూ చదువుకున్నవాళ్ళ చేతికి.

కుళాయి దగ్గరకెళ్ళి నీళ్ళు తాగాను. చెబితే ఐదు నెలలూ పోతాయి, రేపటికి చేతిలో ఏమీ మిగలదు. చెప్పకపోతే రేపు బాగానే గడిచిపోతుంది. తప్పని ఎప్పటికీ ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. ఆ ఆలోచన నాకు హాయిగా అనిపించింది. దానికే భయం వేసింది.

వెనక్కొచ్చి చెప్పేశాను.

గోడతో చెబుతున్నట్టు, "పసుపు కొవ్వులో కలిసిపోతుందండి. పొరలో దూరుతుంది, వదులు చేస్తుంది. వెలుగుతుంది కూడా" అంది. "ఏమీ కలపొద్దని చెప్పాను కదండీ మావయ్యా."

"కలపడం కాదే అమ్మలూ, కడగడం."

"అవునండి. అమ్మా అలాగే అంటుంది." పెట్టె వైపు చూసింది. "ఇదీ కడిగిందేనా?"

తలూపాను.

ఫోను తీసుకుని వరండా చివరికెళ్ళింది. వాళ్ళ సారుతో మాట్లాడుతుంటే వినబడుతూనే ఉంది. "నా పొరపాటే సార్. శాంపిల్ ఎలా వస్తోందో నేను చూసుకోలేదు. సరైనది ఒక్కటే ఉంది సార్, పోయినవారంది." అవతల ఆయన ఏమన్నారో, చాలాసేపు సార్, సార్ అంటూ నిలబడింది. నా ఊసే ఎత్తలేదు.

తిరిగొచ్చి పెట్టె నా వైపు జరిపింది. "వచ్చే ఆదివారం కొట్టుకి నేనే వస్తానండి" అంది.

తను ఒక్కర్తే పొద్దున్నే అంతదూరం రావడమెందుకు, ఈసారి కడగనులే అనబోయాను. తన మొహం చూసి, సరేనమ్మా అన్నాను.